పౌరసత్వంతో పాటు కొత్త పేరు

అమెరికా పౌరసత్వానికి పెట్టుకునే దరఖాస్తు పేరు ఎన్-400. అందులో ఇప్పటి పేరేమిటి, ఇదివరకు ఏయే పేర్లు వాడారు అని అడిగాక ఇంకో ప్రశ్న ఉంటుంది: చట్టప్రకారం పేరు మార్చుకోదలిచారా? అవునంటే, కావలసిన పేరు రాయడానికి అక్కడే గళ్లు ఉంటాయి. విడిగా లాయరును పెట్టుకోనక్కర్లేదు, అదనంగా రుసుము కట్టనక్కర్లేదు. 2024 ఏప్రిల్ నుంచి ఈ దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో అయితే 710 డాలర్లు, కాగితం మీద అయితే 760 డాలర్లు. పేరు మార్పు ఆ ఖర్చులోనే వచ్చేస్తుంది. ప్రమాణం చేసిన రోజు కోర్టు హాలులోంచి బయటికి వచ్చే మనిషికి కొత్త దేశంతో పాటు కొత్త పేరు కూడా ఉండవచ్చు.

ఈ వెసులుబాటు 1906 నాటిది. అంతకుముందు అమెరికాలో పౌరసత్వం ఇచ్చే పని ఊరూరా ఉన్న రకరకాల కోర్టులు చేసేవి. ఒక్కో కోర్టుది ఒక్కో పద్ధతి, ఒక్కో రకం కాగితం. దొంగ పత్రాలకు లెక్కే లేదు. 1906లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి పత్రాలన్నిటినీ ఒకే తీరుకు తెచ్చింది, పర్యవేక్షణకు ఒక కేంద్ర శాఖను పెట్టింది. పౌరసత్వం ఇచ్చే సమయంలోనే, అభ్యర్థి కోరితే, కోర్టు తన విచక్షణ మేరకు పేరు మార్చవచ్చనే సెక్షను అదే చట్టంలో చేరింది. చట్టాలు ఎన్నిసార్లు మారినా ఆ నిబంధన మాత్రం దాదాపు అదే రూపంలో ఇప్పటికీ కొనసాగుతోంది.

దీని పక్కనే ఒక కట్టుకథ కూడా బతుకుతోంది. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే కేంద్రమైన ఎల్లిస్ ఐలండ్‌లో గుమస్తాలు నోరు తిరగని యూరప్ పేర్లను తోచినట్టు కత్తిరించి పారేశారని అమెరికాలో చాలా కుటుంబాలు చెప్పుకుంటాయి. 1974లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగంలో సిసిలీ నుంచి వచ్చిన విటో ఆండోలిని అనే కుర్రవాడు ఎల్లిస్ ఐలండ్‌లో తన ఊరి పేరుతో విటో కార్లియోన్ అయిపోవడం చూసిన వాళ్లకు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. జరిగింది వేరు. 1892లో తెరిచి 1954లో మూసేసిన ఆ కేంద్రంలో అధికారులు కొత్తగా పేర్లు రాసుకునేవాళ్లు కారు. ఓడ బయల్దేరిన రేవులోనే కంపెనీ గుమస్తాలు తయారుచేసిన ప్రయాణికుల పట్టీని ముందు పెట్టుకుని, దుబాసీల సాయంతో, ఒక్కొక్కరినీ పిలిచి సరిచూసేవాళ్లు. పేరు మార్చే అధికారం వాళ్లకు లేదు.

మరి పేర్లు మారిందెక్కడ? కొన్నేళ్లు గడిచాక, కోర్టుల్లో, సొంతదారుల చేతుల మీదుగానే. చరిత్రకారిణి కర్స్టెన్ ఫర్మాగ్లిచ్ న్యూయార్క్ సిటీ సివిల్ కోర్టులో పేరు మార్పు అర్జీల కట్టలు తిరగేసి 2018లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ అర్జీలు పెట్టినవాళ్లలో యూదులు ఎక్కువ, అందులోనూ అమెరికాలోనే పుట్టి పెరిగిన మధ్యతరగతి వాళ్లు ఎక్కువ. ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో యూదుపేరు కనబడగానే తలుపులు మూసుకుపోయే రోజులవి. గుమస్తా పొరపాటు అనే కథ అందుకే అంత ఇష్టంగా నిలబడి ఉంటుంది: తాతగారు తానే పేరు వదులుకున్నారని ఒప్పుకోవడం కన్నా, ఎవరో లాక్కున్నారని చెప్పుకోవడం తేలిక.

పౌరసత్వంతో పాటే పేరు మార్చుకున్న వాళ్లలో అందరికీ తెలిసిన మనిషి సినిమా నటుడు కేరీ గ్రాంట్. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1904లో పుట్టినప్పుడు ఆయన ఆర్చిబాల్డ్ లీచ్. పారమౌంట్ స్టూడియో కోసం కేరీ గ్రాంట్ అయ్యాక పదేళ్లపాటు తెర మీద ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు నడిచాయి. 1942 జూన్ 26న అమెరికా పౌరుడైనప్పుడు ఆ రెండూ ఒకటయ్యాయి. ఇటీవలి ఉదాహరణ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎనెస్ కాంటర్‌ది. టర్కీ ప్రభుత్వాన్ని బాహాటంగా విమర్శించినందుకు ఆ దేశం 2017లో ఆయన పాస్‌పోర్ట్ రద్దుచేసింది. 2021 నవంబరు 29న అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే ఆయన ఎనెస్ కాంటర్ ఫ్రీడమ్ అయ్యారు. జెర్సీ వెనక కూడా అదే పేరు ఎక్కింది.

మార్చుకోని వాళ్లూ ఉన్నారు. 1970లో వచ్చిన తొలి సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పేరును ఆర్నాల్డ్ స్ట్రాంగ్ అని వేశారు, అసలు పేరు జనం నోటికి ఎక్కదని. 1983లో పౌరసత్వం తీసుకునేటప్పుడు ఆయన ఆ చేంతాడంత ఆస్ట్రియా ఇంటిపేరులో ఒక్క అక్షరం తియ్యలేదు. ఇరవై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియా ఓటర్లు గవర్నర్ ఎన్నికల బ్యాలెట్ మీద దాన్నే వెతికి పట్టుకుని గెలిపించారు.

పని జరిగే తీరులో ఒక మెలిక ఉంది. 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టంతో, 1991 అక్టోబరు నుంచి, పౌరసత్వం ఇచ్చే అధికారం కోర్టుల చేతిలోంచి ప్రభుత్వ శాఖకు వెళ్లింది. ఇప్పుడు ఆ శాఖ యూఎస్‌సీఐఎస్. పౌరసత్వం ఇవ్వగలదు, ప్రమాణం చేయించగలదు, కాని పేరు మార్చలేదు. ఆ అధికారం జడ్జికే మిగిలింది. కాబట్టి పేరు మార్పు కోరినవాళ్లు ఆఫీసులో జరిగే ఓత్ సెర్మనీకి కాక, కోర్టు జరిపే సెర్మనీకి వెళ్లాలి. కొన్ని ఆఫీసుల్లో ఇంటర్వ్యూ పాసైన రోజే ప్రమాణం చేయించి పంపేస్తారు. పేరు మార్పు అడిగినవాళ్లకు ఆ అదృష్టం లేదు. కోర్టు తేదీ వచ్చేదాకా ఆగాలి. ఓటు హక్కుకో పాస్‌పోర్టుకో తొందరపడేవాళ్లు సరిగ్గా ఇక్కడే మనసు మార్చుకుని, పాత పేరే ఉంచండి అనేస్తారు.

ఇంటర్వ్యూలో అధికారి పాత పేరు, కొత్త పేరు రాసిన ఒక అర్జీ తయారుచేసి సంతకం తీసుకుంటాడు. అప్పులు ఎగ్గొట్టడానికో, పోలీసుల కళ్లు గప్పడానికో ఈ మార్పు కోరడం లేదన్న హామీ అందులో ఉంటుంది. ఆ అర్జీ కోర్టుకు వెళ్తుంది. సెర్మనీ రోజున జడ్జి ఆమోదించాక పౌరసత్వ పత్రం కొత్త పేరుతోనే చేతికొస్తుంది. దానితో పాటు కోర్టు ముద్ర ఉన్న పేరు మార్పు కాగితం ఒకటి ఇస్తారు. పౌరసత్వ పత్రం ఉంది కదా అని దాన్ని ఏ డ్రాయర్లోనో పడేసినవాళ్లకు దాని విలువ తర్వాత తెలుస్తుంది. పాత పేరున్న మనిషి, కొత్త పేరున్న మనిషి ఒకరేనని చెప్పే సాక్ష్యం అదొక్కటే.

పెళ్లి వల్లో విడాకుల వల్లో ఇదివరకే పేరు మారినవాళ్లకు ఈ తతంగం అక్కర్లేదు. పెళ్లి సర్టిఫికెట్టో, విడాకుల డిక్రీయో చూపిస్తే ఆఫీసు సెర్మనీలోనే ఆ పేరుతో పత్రం ఇస్తారు. ప్రమాణం అయిపోయాక బుద్ధి పుడితే మాత్రం రాష్ట్ర కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుని, ఎన్-565 అనే మరో దరఖాస్తుతో, మరో రుసుముతో, పౌరసత్వ పత్రాన్ని మళ్లీ రాయించుకోవాలి.

తెలుగువాళ్ల కథ యూరప్ వలసదారుల కథలాంటిది కాదు. మొదట అసలు పౌరసత్వమే దొరికేది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. సరిగ్గా ఆ ఏడాదే భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ హక్కునూ, ఏడాదికి వంద మంది చొప్పున వలస కోటానూ ఇచ్చింది. రెండేళ్లకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు పౌరసత్వం తీసుకోకుండానే కన్నుమూశారు. కాని ఆయన పేరుకు జరగవలసింది అప్పటికే జరిగిపోయింది. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతికి 1925 నుంచి ఉన్న పేరు ఫిస్కే-సుబ్బారో పద్ధతి. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన జ్ఞాపకార్థం పెట్టిన పేరు సుబ్బారోమైసిస్. రెండుచోట్లా ఇంటిపేరు ఉండాల్సిన స్థానంలో ఉన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు. యల్లాప్రగడ అనే ఇంటిపేరు ప్రపంచ విజ్ఞాన శాస్త్రంలో ఒక పొడి అక్షరంగా మిగిలింది.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికా బాట పట్టింది 1965 వలస చట్టం తర్వాతే. అప్పటినుంచి ఇప్పటిదాకా వాళ్ల పేర్లను చెడగొడుతున్నది ద్వేషమూ కాదు, గుమస్తాలూ కాదు. దరఖాస్తులోని రెండు గళ్లు. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక అనేది తెలుగు వరస. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనేవి దానికి తలకిందులు.

మాటవరసకు కొత్తపల్లి వెంకట సత్యనారాయణ అనే పేరు తీసుకుందాం. పదో తరగతి మెమోలో పూర్తి పేరుంటుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో కె.వి. సత్యనారాయణ అవుతుంది. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు కుదరవు కాబట్టి అక్కడ మళ్లీ విప్పి రాయాలి. విప్పేటప్పుడు మూడు దారులు. సర్‌నేమ్ గడిలో కొత్తపల్లి, గివెన్ నేమ్ గడిలో వెంకట సత్యనారాయణ అని రాస్తే ఏ పేచీ లేదు. చివర ఉన్నదే లాస్ట్ నేమ్ అనుకుని సత్యనారాయణను సర్‌నేమ్ గడిలో పెడితే, అమెరికాలో దిగిన నాటినుంచి ఆయన మిస్టర్ సత్యనారాయణ, ఆఫీసులో పిలిచే పేరు కొత్తపల్లి. మూడో దారి అన్నిటికన్నా కష్టం: మొత్తం పేరు గివెన్ నేమ్‌లో రాసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేయడం. అమెరికా వీసా పద్ధతిలో ఒకే గడిలో పేరుంటే దాన్ని సర్‌నేమ్‌గా తీసుకుంటారు. మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు, అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలు వీసా మీదినుంచి డ్రైవింగ్ లైసెన్స్ మీదికి, అక్కడినుంచి బ్యాంకు కార్డు మీదికి, మందుల షాపు సీసా మీదికి పాకుతాయి. కౌంటరు దగ్గర “ఫ్నూ” అని పిలుపు వినబడితే లేచి వెళ్లడం అలవాటైపోయిన తెలుగు ఇంజనీర్లు ఏ అమెరికా నగరంలోనైనా దొరుకుతారు.

పాస్‌పోర్ట్ అడుగున యంత్రం చదివే రెండు వరసలు చూస్తే ఈ గొడవ కళ్లకు కడుతుంది. ఒక్కో వరసలో 44 స్థానాలు. మొదటి వరసలో పేరుకు దక్కేవి 39. సర్‌నేమ్ మొదట వస్తుంది, తర్వాత రెండు బాణపు గుర్తులు, ఆ తర్వాత మిగతా పేరు. ఆ రెండు గుర్తులకు ఏ పక్కన ఏముందన్నదే యంత్రానికి కావాలి. కొత్తపల్లి ఊరి పేరో, వంశం పేరో దానికి అనవసరం. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లకు గల్ఫ్‌లో కూడా చిక్కొచ్చింది: 2022 నవంబరులో యూఏఈ, సర్‌నేమ్ గడి గానీ గివెన్ నేమ్ గడి గానీ ఖాళీగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని విమాన సంస్థల ద్వారా తెలియజేసింది.

ఒక ఇంట్లో నలుగురుంటే చిక్కు నాలుగింతలవుతుంది. భర్త లాస్ట్ నేమ్ ఆయన ఇంటిపేరు. భార్య పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరో, లేదా పెళ్లయ్యాక సర్‌నేమ్‌గా చేర్చిన భర్త సొంతపేరో ఉంటుంది. ఇండియాలో పుట్టిన పెద్దపిల్లకు తండ్రి పేరే లాస్ట్ నేమ్. అమెరికాలో పుట్టిన చిన్నవాడికి మాత్రం ఆసుపత్రి ఫారంలో నిదానంగా ఆలోచించి ఇంటిపేరు రాయించారు. స్కూలు ఆఫీసులో, ఎయిర్‌పోర్టులో, వీళ్లంతా ఒక కుటుంబమేనా అన్న ప్రశ్న ఎదురుకాకుండా ఉండదు.

రావు, రెడ్డి, చౌదరి లాంటి తోకలు లాస్ట్ నేమ్ అయిపోయిన ఇళ్లు మరో రకం. కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పూర్తి పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి తెలిసింది ‘రెడ్డి’, దబ్బల కాదు. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల విషయంలో ఇంటిపేరు చెక్కుచెదరకుండా చివరికి చేరి నిలబడింది. రెండూ తెలుగు పేర్లే. గడి ఎంపికలోనే తేడా వచ్చింది.

అందుకే తెలుగువాళ్లు ఎన్-400లో పేరు మార్పు కోరితే అది చాలావరకు మరమ్మతు పని. ఎఫ్‌ఎన్‌యూ తీసేయడం, తిరగబడిన పేర్లను యథాస్థానానికి చేర్చడం, ఒకే మాటగా అతుక్కుపోయిన వెంకటసత్యనారాయణను విడదీయడం, భార్యాభర్తలిద్దరికీ ఒకే ఇంటిపేరు పెట్టుకోవడం. కృష్ణ క్రిస్ కావడం, హరి హ్యారీ కావడం ఆఫీసు పిలుపుల్లో వినబడినంతగా కోర్టు కాగితాల్లోకి ఎక్కదు. 1930ల నాటి న్యూయార్క్ యూదులు ఎక్కడివాళ్లో తెలియకూడదని పేరు మార్చుకున్నారు. వీళ్లు ఎక్కడివాళ్లో సరిగ్గా తెలియాలని మార్చుకుంటున్నారు. చేసే పని ఒకటే, ఉద్దేశం మాత్రం పూర్తిగా ఎదురు.

ఇతర దేశాల్లో పద్ధతులు వేరు. కెనడా పౌరసత్వ దరఖాస్తులో పేరు మార్పు జరగదు, రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ముందే మార్పించుకుని ఆ రుజువు జతచేయాలి. బ్రిటన్‌లో డీడ్ పోల్ అనే పత్రం రాసుకుంటే సరిపోతుంది, అయితే అదీ పౌరసత్వానికి సంబంధం లేని విడి పని. ఫ్రాన్స్ మాత్రం ఇంకో అడుగు ముందుకేసింది: 1972 అక్టోబరు 25 నాటి చట్టం ప్రకారం కొత్త పౌరులు తమ పేరునూ ఇంటిపేరునూ ఫ్రెంచి తీరుకు మార్చమని దరఖాస్తుతోనే గానీ, పౌరసత్వం వచ్చిన ఏడాదిలోపు గానీ కోరవచ్చు. జర్మనీలో 2007 నుంచి ఉన్న నిబంధన దక్షిణ భారతీయులకు అచ్చంగా సరిపోతుంది. సొంతపేరు, ఇంటిపేరు అనే విభజన లేని దేశాలనుంచి వచ్చినవాళ్లు జర్మన్ చట్టం కిందికి వచ్చాక, ఉన్న పేర్లలో ఏది సొంతపేరో ఏది కుటుంబనామమో తామే తేల్చి రిజిస్ట్రీ ఆఫీసులో ప్రకటించవచ్చు. ఒకే పేరున్నవాళ్లు రెండోది ఎంచుకోవచ్చు. తమ పద్ధతిలో ఇమడని పేర్లు లోకంలో ఉంటాయని చట్టంలోనే ఒప్పుకున్న దేశం అది. ఐస్‌లాండ్ దానికి మరో కొస. 1996 చట్టం వచ్చేదాకా కొత్త పౌరులు ఏదో ఒక రూపంలో ఐస్‌లాండ్ పేరు పెట్టుకోవాల్సి వచ్చేది.

జపాన్ కథ తీరే వేరు. గ్రీసు దీవిలో పుట్టి జపాన్ దయ్యాల కథలు ఇంగ్లీషులో రాసిన లాఫ్కాడియో హెర్న్ 1896లో భార్య సెత్సు కుటుంబంలో చేరి, ఆమె ఇంటిపేరుతో కొయిజుమి యాకుమో అయ్యాడు. ఇష్టపడి తీసుకున్న పేరది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఇష్టం కాస్తా ఒత్తిడిగా మారింది. జపాన్‌లోనే పుట్టి పెరిగిన కొరియన్లు పౌరసత్వం అడిగితే జపనీస్ పేరు పెట్టుకోమని అధికారులు చెప్పేవాళ్లు. 1985లో చట్ట సవరణ అమల్లోకి వచ్చాక ఆ పట్టు సడలింది, కాని పూర్తిగా పోలేదు. సాఫ్ట్‌బ్యాంక్ అధిపతి మసయోషి సన్ 1990లో పౌరసత్వం తీసుకునేటప్పుడు, సన్ అనే ఇంటిపేరు జపనీయుల్లో ఎవరికీ లేదని అధికారులు కుదరదన్నారట. దానికి ఆయన వేసిన ఎత్తు ఆయనే చెప్పుకున్నారు. జపాన్ పౌరురాలైన భార్య ముందుగా కోర్టుకెళ్లి తన ఇంటిపేరును సన్‌గా మార్పించుకుంది. ఇప్పుడు ఆ ఇంటిపేరుతో జపాన్ పౌరురాలు ఒకరున్నారు కదా అని చూపించి ఆయన తన పేరు నిలబెట్టుకున్నారు. జపాన్ సాహిత్య పండితుడు డోనల్డ్ కీన్ 2012లో, తొంభయ్యో పడికి చేరువలో, జపాన్ పౌరుడై కీన్ డొనారుదో అని తన పేరునే జపనీస్ లిపిలో, ఇంటిపేరు ముందు పెట్టి నమోదు చేయించుకున్నారు. అంటే తెలుగు వరసలోనే.

మళ్లీ అమెరికాకు వస్తే, ప్రమాణం తర్వాత కాగితాల తిరుగుడు మొదలవుతుంది. ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు, తర్వాత డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, బ్యాంకు, కంపెనీ రికార్డు. ఈ వరస తప్పితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు వైపు వేలు చూపిస్తుంది. ఇండియా వైపు పని ఇంకా ఉంది. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం మరో దేశ పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్ట్ అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, ఆపైన ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టాలి. రెండు పాస్‌పోర్ట్‌లలో రెండు పేర్లుంటే కోర్టు కాగితం చూపక తప్పదు.

ఊళ్లో పొలం పాసుపుస్తకంలో, పదో తరగతి మెమోలో, పాత ఎల్‌ఐసీ పాలసీలో మాత్రం పాత పేరే ఉండిపోతుంది. పొలం అమ్ముకోవాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా ఇద్దరూ ఒకే వ్యక్తి అని నోటరీ ముందు అఫిడవిట్ రాయించి ఇవ్వాలి. అలాంటప్పుడే డ్రాయర్లో పడేసిన ఆ ముద్ర కాగితం కోసం ఇల్లంతా వెతుకుతారు.

పిల్లల సంగతి చాలామంది ముందుగా ఆలోచించరు. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, గ్రీన్‌కార్డుతో అమెరికాలో తల్లిదండ్రుల దగ్గర ఉంటున్న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, తల్లి గానీ తండ్రి గానీ పౌరులైన క్షణంలోనే పౌరులైపోతారు. వాళ్లకు ఎన్-400 లేదు, జడ్జి ముందు ప్రమాణం లేదు. కాబట్టి పేరు మార్చే గడి కూడా లేదు. పౌరసత్వ రుజువు కోసం పిల్లల పేరున పెట్టే ఎన్-600 దరఖాస్తుతో పేరు మారదు. తండ్రి ఒక్క పూటలో ఎఫ్‌ఎన్‌యూ వదిలించుకుని ఇంటిపేరు సరిచేసుకుంటే, కూతురి పేరుకు రాష్ట్ర కోర్టులో విడిగా అర్జీ పెట్టాలి. కాలిఫోర్నియాలో దానికి కోర్టు రుసుమే 435 డాలర్ల పైమాట. నాలుగు వారాల పాటు వారానికోసారి పత్రికలో ప్రకటన వేయించాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే అర్జీ పెడితే రెండోవారికి నోటీసు అందించాలి.